అడవి భూమి కబ్జా అయితే ఏం చేయాలి: కాగితం నుంచి కోర్టు దాకా, ఓరుగల్లు ప్రాంతానికి మార్గదర్శి

ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల్లో గానీ, అటు మంచిర్యాల, ఆసిఫాబాద్ వైపు గానీ అడవి పోయే తీరు దాదాపు ఒక్కటే. శివరాత్రి దాటాక లోపలి చెట్ల మొదలు చుట్టూ బెరడు చెక్కేస్తారు. చెట్టు నిలబడ్డచోటే ఎండిపోతుంది. ఎండాకాలంలో నిప్పు పెడతారు. మొద్దులు కాలిపోతాయి. మృగశిర కార్తె నాటికి ట్రాక్టర్ దిగి పత్తి గింజ పడుతుంది. మరుసటి ఏడు బోరు, ఆ తర్వాత కడీలు, ముళ్లతీగ. ఇంకొన్నేళ్లకు ఒక పాత సాదాబైనామా (తెల్లకాగితం మీద రాసుకున్న, రిజిస్టర్ కాని అమ్మకం పత్రం) బయటికొస్తుంది, సివిల్ కోర్టులో ఇంజంక్షన్ పిటిషన్ పడుతుంది. మొదటి ఏడు బీట్ ఆఫీసర్ ఒక్కరే ఆపగలిగిన పని అప్పటికి ఇరవై ఏళ్ల దావా అయి కూర్చుంటుంది.

చట్టంలో బలం తక్కువేమీ లేదు. అడవి ఓడిపోతున్నది రికార్డుల దగ్గర. గెజిట్ ఒకటి చెబితే పహాణీ (ఏటా రాసే గ్రామ భూమి రికార్డు) ఇంకోటి చెబుతుంది, రెవెన్యూ వాళ్ల అఫిడవిట్‌కూ అటవీ శాఖ అఫిడవిట్‌కూ పొంతన ఉండదు. ఆ తేడానే అవతలి వకీలు పట్టుకుంటాడు. అందుకే ఈ మార్గదర్శిలో సగం కాగితాల గురించే ఉంటుంది.

మొదట తేల్చాల్సింది: అది ఏ అడవి

"ఫారెస్టు భూమి" అని ఊళ్లో అందరూ అంటారు. ఆ మాట కోర్టులో సరిపోదు. భూమి ఏ కోవలోదో దాన్నిబట్టే చట్టం, అధికారి, కోర్టు మారతాయి.

రిజర్వ్ ఫారెస్టుకు 1967 నాటి తెలంగాణ అటవీ చట్టం వర్తిస్తుంది. సెక్షన్ 4 కింద ప్రతిపాదన నోటిఫికేషన్ వస్తుంది. సెక్షన్ 6 కింద ఫారెస్ట్ సెటిల్‌మెంట్ ఆఫీసర్ ప్రకటన ఇచ్చి హక్కుదార్ల క్లెయిములు వింటారు. అన్నీ తేలాక సెక్షన్ 15 కింద తుది నోటిఫికేషన్ వెలువడుతుంది. సెక్షన్ 15 గెజిట్ చేతిలో ఉంటే కేసుకు గట్టి పునాది పడ్డట్టే. చాలా బ్లాకులు సెక్షన్ 4 దగ్గరే ఆగిపోయాయి. అయినా నిరాశపడక్కర్లేదు, సెక్షన్ 4 వచ్చిన తర్వాత కొత్తగా నరకడానికీ సాగు చేయడానికీ చట్టం ఒప్పుకోదు. కాకపోతే అలాంటి చోట "మా క్లెయిమ్ ఇంకా తేలలేదు" అనే వాదన వస్తుందని ముందే లెక్కలో పెట్టుకోవాలి. నిజాం కాలంలోనే, 1355 ఫస్లీ నాటి హైదరాబాద్ అటవీ చట్టం కింద నోటిఫై అయిన బ్లాకులూ ఉన్నాయి. వాటికి పాత జరీదా (నిజాం గెజిట్) ప్రతి వెతకాలి. జిల్లాలో దొరక్కపోతే హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగాలి.

ఏటూరునాగారం, పాకాల, ప్రాణహిత లాంటి అభయారణ్యాల్లో, కవ్వాల్ టైగర్ రిజర్వ్‌లో వీటికి తోడు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా పనిచేస్తుంది. అందులోని సెక్షన్ 34ఎ ప్రకారం అసిస్టెంట్ కన్జర్వేటర్ హోదాకు తగ్గని అధికారి, అవతలివాళ్లు చెప్పేది విని, ఆక్రమణను ఖాళీ చేయించవచ్చు, కట్టడాలు తొలగించవచ్చు. అభయారణ్యం లోపలి భూమి అయితే ఈ సెక్షన్‌ను ఫిర్యాదులో పేరుపెట్టి అడగండి. చాలా ఫిర్యాదుల్లో ఇది కనిపించదు.

1980 అటవీ సంరక్షణ చట్టం ఈ రెండింటి మీదా ఉంటుంది. 1980 అక్టోబర్ 25 తర్వాత కేంద్రం ముందస్తు అనుమతి లేకుండా అడవి భూమిని వేరే పనికి ఇవ్వకూడదు. ఆ తేదీ దాటాక తహసీల్దార్ అసైన్‌మెంట్ పట్టా ఇచ్చి ఉంటే, కేంద్రం అనుమతి ఏదని అడగడమే మొదటి ప్రశ్న. నోటిఫై కాకపోయినా ప్రభుత్వ రికార్డులో అడవిగా ఉన్న భూమికి 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఆధారం. 1980 చట్టానికి 2023లో సవరణ వచ్చిన తర్వాత కూడా, 'అడవి' అన్న మాటకు ఆ ఉత్తర్వు ఇచ్చిన అర్థాన్నే పాటించాలని 2024 ఫిబ్రవరిలో కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

రెండోది: దున్నుతున్నది ఎవరు

ఈ అడుగు దాటేసి ఎవరి మీదా ఫిర్యాదు రాయొద్దు. మన ప్రాంతంలో పోడు చేసుకునే కోయ, గోండు, నాయకపోడు కుటుంబాలకు 2006 అటవీ హక్కుల చట్టం హక్కు ఇచ్చింది. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న గిరిజన కుటుంబానికి నిజంగా సాగులో ఉన్నంత మేరకు, గరిష్ఠంగా 4 హెక్టార్లు, అంటే దాదాపు పదెకరాల వరకు హక్కు వస్తుంది. గిరిజనేతరులైతే ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అక్కడే ఉండి అడవి మీద బతికినట్టు రుజువు చూపాలి. క్లెయిమ్ పరిశీలన పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదని సెక్షన్ 4(5) స్పష్టంగా చెబుతుంది. తిరస్కరించిన క్లెయిములవాళ్లను ఖాళీ చేయించాలని 2019 ఫిబ్రవరి 13న ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టే అదే నెల 28న నిలిపేసింది. కాబట్టి "వాళ్ల దరఖాస్తు తిరస్కరించారు" అన్న ఒక్క ముక్క మీద కేసు నిలబెట్టాలని చూడొద్దు. నిరుపేద ఆదివాసీ కుటుంబాన్ని ముందు పెట్టి వెనక ట్రాక్టర్లు తిప్పేవాడు వేరే ఉంటాడు. గురి అతని మీద ఉండాలి.

అతన్ని పట్టించే గుర్తులు కొన్ని ఉన్నాయి. ఒకే పేరు మీదో ఒకే కుటుంబం కిందో పదెకరాలకు మించిన చదును. డోజర్ వాడకం. పట్నంలో ఉండే యజమాని, ఇక్కడ జీతగాడు. హక్కు పత్రాన్ని కొన్నట్టో కౌలుకు తీసుకున్నట్టో చెప్పడం. అటవీ హక్కు వారసులకు వస్తుంది తప్ప అమ్మడానికి వీల్లేదు. ఏటూరునాగారం, తాడ్వాయి లాంటి షెడ్యూల్డ్ ప్రాంతంలో అయితే గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించే 1/70 చట్టం కూడా అడ్డం వస్తుంది. హక్కు పత్రం ఉందో లేదో గ్రామ అటవీ హక్కుల కమిటీ దగ్గర, ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ)లో తేల్చుకోండి.

గ్రామసభకు ఇక్కడ పెద్ద అధికారమే ఉంది. అదే చట్టం సెక్షన్ 5 అడవినీ వన్యప్రాణులనూ కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. "ఫలానా కంపార్ట్‌మెంట్‌లో ఫలానా విస్తీర్ణం కొత్తగా నరికారు, అక్కడ మా గ్రామంలో ఎవరికీ హక్కు పత్రం లేదు" అని తేదీ, కోరం, సంతకాలతో చేసిన తీర్మానం ముందు వందమంది విడివిడిగా రాసిన ఫిర్యాదులు నిలవవు.

రికార్డులు తీయడం

కావాల్సినవి ఇవి: సెక్షన్ 4, 15 గెజిట్ల ధ్రువీకృత ప్రతులు, హద్దుల వర్ణన, అటవీ బ్లాకు మ్యాపు, గ్రామ నక్ష (మ్యాపు), సేత్వార్ (తొలి సర్వే నాటి భూమి రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ, ఆ తర్వాత వచ్చిన పహాణీలు, ఇప్పటి భూభారతి (రాష్ట్ర ఆన్‌లైన్ భూమి రికార్డు) వివరాలు, రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా).

పహాణీని ఏడాది వారీగా పక్కపక్కన పెట్టి చదవండి. పట్టాదారు కాలమ్‌లో ఏళ్ల తరబడి సర్కారీ అనో అడవి అనో ఉండి, హఠాత్తుగా ఒక ఏడాది అనుభవదారు కాలమ్‌లో ఒక పేరు వచ్చి, తర్వాత అదే పేరు పట్టాదారు కాలమ్‌లోకి ఎక్కుతుంది. ఆ మారిన ఏడాదికి మ్యుటేషన్ ఫైలు గానీ ఉత్తర్వు నంబరు గానీ ఉండాలి. లేదంటే దాన్ని ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోండి. మీ కేసులో బలమైన వాదన అదే కావచ్చు. సర్వే నంబరుకు కొత్త బై నంబర్లు పుట్టుకొచ్చాయా అన్నదీ చూడాలి. ఒకే సర్వే నంబరులో కొంత అడవి, కొంత పట్టా ఉన్న ఊళ్లలో మోసం ఎక్కువగా ఈ బై నంబర్ల దగ్గరే జరుగుతుంది.

సమాచార హక్కు దరఖాస్తు జిల్లా అటవీ అధికారి కార్యాలయానికి ఒకటి, తహసీల్దార్‌కు ఒకటి, సర్వే, ల్యాండ్ రికార్డ్స్ శాఖకు ఒకటి విడిగా వేయండి. జవాబుకు 30 రోజులు. రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు, అదీ ఫలించకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్. "ఆక్రమణ మీద ఎందుకు చర్య తీసుకోలేదు?" అని అడిగితే అది సమాచారం కిందికి రాదని తిప్పి పంపుతారు. ఇలా అడగాలి: "ఫలానా బీట్, ఫలానా కంపార్ట్‌మెంట్‌లో 2005 డిసెంబర్ 13 తర్వాత నమోదైన ఆక్రమణ కేసుల నంబర్లు, తేదీలు, విస్తీర్ణం, ప్రస్తుత స్థితి. జాయింట్ సర్వే జరిగి ఉంటే పంచనామా, స్కెచ్ ప్రతులు." రికార్డును స్వయంగా చూసే హక్కునూ అదే దరఖాస్తులో కోరండి. ఫైలు తిరగేస్తే మీరు పేరు కూడా తెలియక అడగని కాగితాలు కనబడతాయి.

కరెంటు కనెక్షన్ మరో మంచి దారి. బోరు మోటారుకు సర్వీసు ఎప్పుడు, ఏ కాగితం చూసి ఇచ్చారో కరెంటు సంస్థ టీజీఎన్‌పీడీసీఎల్‌ను అడగండి. "తాతల నాటి సాగు" అనేవాడి సర్వీసు నంబరు నిన్నమొన్నటిదైతే ఆ తేదీ ఒక్కటే చాలా మాట్లాడుతుంది.

ఆధారాలు: శాటిలైట్ చిత్రం, ఫొటో, జీపీఎస్

అడవి ఎప్పుడు పోయిందో చెప్పడానికి శాటిలైట్ చిత్రాన్ని మించింది లేదు. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల చిత్రాలు, ఇస్రో భువన్, ఉచితంగా దొరికే ల్యాండ్‌శాట్, సెంటినెల్ చిత్రాలు చాలు. 2005 నాటి పరిస్థితికి ల్యాండ్‌శాట్ వాడాలి. అందులో ఒక చుక్క 30 మీటర్ల చదరం, అంటే ఎకరానికి నాలుగైదు చుక్కలే. కాబట్టి రెండు మూడెకరాల ముక్క మీద దాంతో గట్టిగా వాదించలేరు, ఇరవై ఎకరాలైతే వాదించగలరు. 2015 నుంచి దొరికే సెంటినెల్-2లో చుక్క 10 మీటర్లు, ఎకరానికి దాదాపు 40 చుక్కలు.

ఒక తప్పు తరచూ జరుగుతుంది. మన అడవి ఆకు రాల్చే టేకు, మద్ది అడవి. ఫిబ్రవరి నుంచి మే దాకా పైనుంచి చూస్తే నరికినట్టే బోడిగా కనిపిస్తుంది. 2016 నవంబర్ చిత్రాన్ని 2022 ఏప్రిల్ చిత్రంతో పోల్చి "అడవి మాయమైంది" అని కోర్టుకిస్తే అవతలి వకీలు ఒక్క ప్రశ్నతో కొట్టేస్తాడు. రెండు చిత్రాలూ ఒకే నెలవి ఉండాలి. వానలు తగ్గి ఆకు నిండుగా ఉండే అక్టోబర్, నవంబర్ మంచిది.

క్షేత్రానికి ఒంటరిగా పోవద్దు. 2019 జూన్‌లో కాగజ్‌నగర్ దగ్గర కొత్త సార్సాలలో అటవీ రేంజ్ అధికారిణి మీద దాడి జరిగింది. 2022 నవంబర్‌లో చండ్రుగొండ మండలంలో రేంజ్ అధికారిని చంపేశారు. పైగా రిజర్వ్‌లోకి, అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోతే మీ మీదే కేసు అవుతుంది. బాట మీంచి తీయండి, లేదా బీట్ ఆఫీసర్‌తో కలిసి వెళ్లండి. ఫోన్ జీపీఎస్ ఐదు నుంచి పది మీటర్లు అటూ ఇటూ చూపుతుంది, గుబురు చెట్ల కింద ఇంకా ఎక్కువ. ప్రతి మూల దగ్గర రెండు మూడు నిమిషాలు ఆగి నంబరు నిలకడ అయ్యాకే రాసుకోవాలి. మన దగ్గర అక్షాంశం 18, 19 ప్రాంతంలో, రేఖాంశం 79, 80 ప్రాంతంలో ఉంటాయి. తారుమారు చేసి రాస్తే చోటు ఎక్కడికో పోతుంది.

ఏం ఫొటో తీయాలి? బెరడు చెక్కిన గాటు దగ్గరగా ఒకటి, అదే చెట్టు చుట్టుపక్కలతో కలిపి దూరం నుంచి ఒకటి. నరికిన మొద్దు పక్కన టేపు పెట్టి చుట్టుకొలత. పచ్చి మొద్దుకు జిగురు కారుతుంటుంది, పాతది బూడిద రంగుకు తిరిగి పగుళ్లిస్తుంది. అటవీ హద్దు రాయి, దాని మీది నంబరు. రాయి పీకేసి ఉంటే ఆ గుంత. జేసీబీ ఉంటే నంబర్ ప్లేటు కనబడాలి.

ఫొటోలను వాట్సాప్‌లో పంపి ఆ ప్రతిని ఆధారంగా ఇవ్వకండి. అందులో తేదీ, చోటు వివరాలు పోతాయి. తీసిన ఫోన్‌లోనే ఉంచి, కేబుల్‌తో కాపీ చేయాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. అందులో మొదటి భాగం ఫోన్ యజమాని, రెండో భాగం నిపుణుడు సంతకం చేస్తారు. ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కంప్యూటర్ సంఖ్య) కూడా రాయాలి. దీన్ని ఆఖరి నిమిషానికి వదిలేసి ఆధారమంతా పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

ఫిర్యాదు రాయడం, పట్టుకుని తిరగడం

ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ పేర రాసి, ప్రతులు జిల్లా అటవీ అధికారికీ కలెక్టర్‌కూ పంపండి. షెడ్యూల్డ్ ప్రాంతమైతే ఐటీడీఏ ప్రాజెక్ట్ ఆఫీసర్‌కు ఇంకో ప్రతి. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇస్తే నంబరు పడుతుంది, రసీదు జాగ్రత్త. మిగతావి అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టులో పంపండి. చేతికిస్తే ముద్ర వేయించుకోండి. ముద్ర లేని కాగితానికి హైకోర్టులో విలువ లేదు.

రెండు పేజీలు దాటకూడదు. ఈ తీరులో ఉంటే చాలు:

"______ మండలం, ______ గ్రామ శివారు, ______ రిజర్వ్ ఫారెస్ట్ బ్లాకు, కంపార్ట్‌మెంట్ నం. ____, సర్వే నం. ____లో సుమారు ____ ఎకరాల అడవిని ____ నెలలో నరికి చదును చేశారు. ఈ భూమి తేదీ ______ గెజిట్‌లో సెక్షన్ 15 కింద నోటిఫై అయింది (ప్రతి జత). మూలల జీపీఎస్ పాయింట్లు: ______. ఇక్కడ అటవీ హక్కు పత్రం లేదని గ్రామసభ తీర్మానం (ప్రతి జత). కేసు నమోదు చేయాలని, వాహనాలు, పనిముట్లు స్వాధీనం చేసుకోవాలని, జాయింట్ సర్వే చేసి చట్టప్రకారం ఖాళీ చేయించాలని, సర్వే నంబరును నిషేధిత జాబితాలో చేర్చాలని కోరుతున్నాం."

వ్యక్తిగత దూషణ, పార్టీల పేర్లు, ఏ అధికారి ఎంత తిన్నాడన్న మాటలు ఇందులో వద్దు. పరువునష్టం దావాకు మీరే దారి ఇచ్చినవాళ్లవుతారు.

తర్వాత శాఖ పని మొదలవుతుంది. బీట్ ఆఫీసర్ పీఓఆర్ (ప్రాథమిక నేర నివేదిక) రాయాలి, వాహనాలను అటవీ చట్టం సెక్షన్ 44 కింద స్వాధీనం చేసుకుని జప్తుకు పంపాలి. ఆక్రమణదారుకు నోటీసు ఇచ్చి, వివరణ తీసుకుని, కారణాలతో రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. నోటీసు లేకుండా రాత్రికి రాత్రి పంట దున్నేస్తే మరుసటి వారం హైకోర్టు స్టే వస్తుంది. ఆ స్టే ఏళ్లు నడుస్తుంది. తొందరపాటు వల్ల అడవికి జరిగే నష్టం ఆలస్యం వల్ల జరిగేదాని కంటే తక్కువేమీ కాదు.

జాయింట్ సర్వే రోజు ఊరివాళ్లు తప్పకుండా ఉండాలి. కొలత ఎక్కడ మొదలుపెడుతున్నారో గమనించండి. మూడు ఊళ్ల హద్దులు కలిసే రాయి నుంచో, నక్షలో ఉన్న ఇంకో స్థిరమైన గుర్తు నుంచో మొదలవ్వాలి. ఆక్రమణదారు చూపించిన గట్టు నుంచి మొదలుపెడితే మొత్తం సర్వే నంబరే పక్కకు జరిగిపోతుంది. పాత టోపోషీట్ మీద గీసిన అటవీ మ్యాపును నేరుగా జీపీఎస్ పాయింట్లతో పోల్చినా హద్దు పదుల మీటర్లు తప్పవచ్చు. డీజీపీఎస్‌తో (మామూలు జీపీఎస్ కంటే కచ్చితంగా కొలిచే పరికరం) కొలిచి, రెండు శాఖల సర్వేయర్లూ ఒకే స్కెచ్ మీద సంతకం చేయాలని పట్టుబట్టండి. మీ అభ్యంతరం పంచనామాలో రాసేదాకా సంతకం పెట్టొద్దు.

సివిల్ దావా: అడవి నిజంగా పోయేది ఇక్కడ

ఆక్రమణదారు ముందుగా చేసే పని జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో (పాత మున్సిఫ్ కోర్టు) ఇంజంక్షన్ దావా వేయడం. కొన్నిసార్లు ఇద్దరు ప్రైవేటు వ్యక్తులే ఒకరి మీద ఒకరు దావా వేసుకుని, ప్రభుత్వాన్ని పార్టీగా చేర్చకుండానే రాజీ డిక్రీ తెచ్చుకుంటారు. ప్రభుత్వం పార్టీగా ఉన్నా జవాబు దాఖలు చేయక ఎక్స్‌పార్టీ అయ్యే (ప్రభుత్వ వాదన లేకుండానే కేసు తేలిపోయే) సందర్భాలున్నాయి. దీనికి రెండు విరుగుళ్లు ఉన్నాయి. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఎ కింద కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుకు ముందే ఇచ్చే దరఖాస్తు) వేయమని శాఖను రాతపూర్వకంగా కోరండి. అది 90 రోజులే పనిచేస్తుంది, తర్వాత మళ్లీ వేయాలి. దావా అప్పటికే నడుస్తుంటే ఆర్డర్ 1 రూల్ 10 కింద గ్రామ పంచాయతీ తరఫునో వన సంరక్షణ సమితి తరఫునో పార్టీగా చేరేందుకు పిటిషన్ వేయండి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో ఆక్రమణదారు పేరుతో నెలకోసారి వెతకడం అలవాటు చేసుకుంటే దావా పడ్డ సంగతి ముందే తెలుస్తుంది.

భూపాలపల్లి ప్రాంతంలోని కొంపల్లి సర్వే నం. 171 కేసు ఇక్కడ ప్రతి ఒక్కరూ చదవాలి. 106.34 ఎకరాల భూమి. 1971లో రిజర్వ్ ఫారెస్టుగా నోటిఫై అయింది. 1985లో ప్రైవేటు వ్యక్తి దావా వేశారు. 2018లో హైకోర్టు ప్రభుత్వానికి అనుకూలంగా తీర్పిచ్చి, 2021లో రివ్యూలో దాన్నే తిప్పేసింది. 2024 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఆ రివ్యూ ఉత్తర్వును కొట్టేసి భూమిని అడవిగానే నిలబెట్టింది. రివ్యూలో కేసును మళ్లీ మొదటినుంచి విచారించే అధికారం లేదని చెప్పింది. అడవిని కాపాడాల్సిన ప్రభుత్వానికీ, అవతలి పక్షానికీ చెరి 5 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. కుమ్మక్కై అఫిడవిట్లు వేసిన అధికారుల మీద విచారణ జరిపి ఆ సొమ్ము వాళ్ల నుంచే రాబట్టుకోవచ్చని కూడా అంది. ఏ అధికారైనా "ఆ భూమి అడవి కిందికి రాదు" అని తేలిగ్గా రాసిస్తుంటే, ఈ తీర్పు ప్రతిని మీ వినతిపత్రానికి జత చేసి ఇవ్వండి. 2024 ఐఎన్ఎస్‌సీ 310 అన్న నంబరుతో సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో దొరుకుతుంది.

హైకోర్టు, ఎన్‌జీటీ, ప్రైవేటు కంప్లైంట్

శాఖ కదలకపోతే అధికరణ 226 కింద హైకోర్టులో రిట్. దానికి ముందు వినతిపత్రం ఇచ్చి, కనీసం నెల రోజులు ఆగి, గుర్తుచేస్తూ ఇంకోటి ఇచ్చి ఉండాలి. "ఫలానా తేదీ వినతిపత్రం మీద ఇన్ని వారాల్లో చర్య తీసుకోవాలి" అని అడిగితే ఉత్తర్వు త్వరగా వస్తుంది. ఆకాశమంత ప్రార్థన రాస్తే వాయిదాలు పెరుగుతాయి.

మన రాష్ట్రానికి జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచ్. పరిహారం అడగకపోతే ఫీజు 1000 రూపాయలు, వకీలు లేకుండానే వేయవచ్చు. కానీ రెండు చిక్కులున్నాయి. ఒకటి, వివాదానికి కారణం మొదట పుట్టిన రోజు నుంచి 6 నెలల్లో వేయాలి, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు. భూమిని పూర్వస్థితికి తేవాలని అడిగే దరఖాస్తుకు 5 ఏళ్ల గడువుంది. రెండు, ట్రిబ్యునల్ చూసే చట్టాల జాబితాలో 1980 అటవీ సంరక్షణ చట్టం, 1986 పర్యావరణ చట్టం ఉన్నాయి గానీ వన్యప్రాణి చట్టం లేదు, రాష్ట్ర అటవీ చట్టం లేదు, అటవీ హక్కుల చట్టమూ లేదు. క్వారీ, రోడ్డు, వెంచర్ లాంటి వాటికోసం అడవి పోతుంటే ట్రిబ్యునల్ సరైన చోటు. మామూలు సాగు ఆక్రమణకు హైకోర్టే నయం.

అభయారణ్యంలో నేరమైతే వన్యప్రాణి చట్టం సెక్షన్ 55 ప్రకారం 60 రోజుల నోటీసు ఇచ్చి పౌరుడే మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు వేయవచ్చు. నకిలీ పాస్‌బుక్, ఫోర్జరీ లాంటివి పోలీసుల పని. స్టేషన్‌లో తీసుకోకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 173(4) కింద ఎస్పీకి రాసి, ఆ తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరికి పోవాలి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.

ఉత్తర్వు వచ్చాక

ధ్రువీకృత ప్రతి తీసి, శాఖకు ముద్రతో అందజేసి, ఆ తేదీని గుర్తుంచుకోండి. ఉత్తర్వు అమలు చేయకపోతే ధిక్కార పిటిషన్‌కు ఏడాదే గడువు, చాలామంది "చేస్తారులే" అని ఎదురుచూస్తూ దాన్ని దాటేస్తారు. ఖాళీ చేయించిన భూమిని ఖాళీగా వదిలితే మళ్లీ నాగలి దిగుతుంది. కందకం వేసవిలోనే తవ్వాలి, మొక్కలు తొలి వానలకు పడాలి, పీకేసిన హద్దు రాళ్లు సర్వేయర్ ఎదుట తిరిగి పాతాలి. నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఎక్కిందో లేదో భూభారతిలో మీరే చూడండి. పాస్‌బుక్ రద్దు ఉత్తర్వు ప్రతిని బ్యాంకుకూ వ్యవసాయ విస్తరణాధికారికీ కరెంటు ఆఫీసుకూ పంపండి. పంట రుణం, రైతు భరోసా, మోటారు సర్వీసు, ఈ మూడూ ఆగేదాకా ఆక్రమణదారు ఆ భూమిని వదలడు.